ఢిల్లీ మంత్రి మా మేడగది మూయమన్నాడట

ఢిల్లీ పేరు చెబితే చాలు, మేమంతా నోరు మూసుకుంటామని మా సంఘం అధ్యక్షుడికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎలా పోయిందో చెబుతాను. నా కోపం ఇంకా చల్లారలేదు, కాబట్టి చల్లగా చెప్పడం నా వల్ల కాదు.

సూరత్‌లో మా వీధి నిండా తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చినవాళ్ళే. మా పిల్లల కోసం మా కులసంఘం ఒక తెలుగు బడి నడుపుతుంది. కింద చిన్న తరగతులు. మేడ మీద ఒక్కటే గది, అందులో ఎనిమిదో తరగతి. అది దాటాక పిల్లలు హిందీ బడికో గుజరాతీ బడికో మారతారు. అప్పటికి లెక్కలూ సైన్సూ తెలుగులో గట్టిపడి ఉంటాయి కాబట్టి నెట్టుకొస్తారు. ముందే మారిన ఆడపిల్లల సంగతి వేరు. పాఠం అర్థం కాక వెనక బెంచీలో కూర్చుని, కొన్నాళ్ళకు బడి మానేసి, ఇంట్లో చీరలకు రాళ్ళు అంటించే పనిలో పడతారు. మా పక్కింటి పిల్ల అలాగే పడింది. అప్పుడు నా కూతురు ఏడో తరగతిలో ఉంది.

దీపావళి సెలవులయ్యి బడి తెరవగానే అధ్యక్షుడు తల్లిదండ్రులందర్నీ పిలిచి మైకు పట్టుకున్నాడు. ఆయనకు ఖటోదరాలో మగ్గాల కార్ఖానా ఉంది. నా భర్త పనిచేసేది అందులోనే. అందుకే అందరం ఆయన్ని సేఠ్ అనే పిలుస్తాం.

"గిది నా చేతుల ఉన్న పని గాదు," అన్నాడు సేఠ్. "ఢిల్లీల విద్యామంత్రి కొత్త పాలసీ తెచ్చిండు. ఎనిమిదో తరగతి తెలుగుల నడపొద్దన్నడు. వచ్చే ఏడు మేడ మీది గది బంద్. నేనేం జేస్త చెప్పుండ్రి?"

అందరం తలలూపాం. మంత్రి అనగానే మా వాళ్ళ కళ్ళకు సేఠ్‌లందరికీ సేఠ్ కనిపిస్తాడు. కార్ఖానాలో సేఠ్ ఆపమంటే మగ్గం ఆగుతుంది. అలాగే ఢిల్లీలో మంత్రి ఆపమంటే దేశంలో ఏ బడైనా ఆగిపోతుందని మా లెక్క. ఇది మగ్గాల మధ్య బతికేవాళ్ళే చేసే పొరపాటు, నేనూ చేశాను. ఇంటికొచ్చి ఆ మంత్రిని నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, ఆయన మొహం కూడా నేను ఎరగను.

రెండ్రోజులు గడిచాయో లేదో, నా కూతురు ఎగురుకుంటూ వచ్చింది. "మమ్మీ, విద్యా దినోత్సవానికి పెద్దసార్ నన్ను భాషణ్ చెప్పుమన్నడు. ఎడ్యుకేషన్ మినిస్టర్ మీద!"

"ఆయన మీదనా? మంచిగైంది. ఆగు, నేను రాసిస్త," అన్నాను పళ్ళు నూరుతూ.

పెద్దసారంటే మా బడి ప్రధానోపాధ్యాయుడు. ఆయనిచ్చిన పాత పౌరశాస్త్రం పుస్తకం, నా ఫోను ముందు పెట్టుకుని తల్లీకూతుళ్ళం కూర్చున్నాం. నేను ఊళ్ళో ఇంటర్ దాకా చదివినదాన్నే. అయినా అందులో చాలా సంగతులు నాకూ కొత్తే. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి విద్యామంత్రి అయిన పెద్దమనిషి అసలు బడి మెట్టే ఎక్కలేదట. చదువంతా ఇంట్లోనే. అలాంటివాడు పద్నాలుగేళ్ళ దాకా ప్రతి బిడ్డకూ ఉచితంగా చదువు చెప్పాలని, ఆడపిల్లల్ని వదలొద్దని పట్టుబట్టాడు. విద్యా దినోత్సవం ఆయన పుట్టినరోజేనట. "బడికి పోనోళ్ళను మినిస్టర్ జేస్తరా మమ్మీ?" అని నా కూతురు పకపకా నవ్వింది. తర్వాత ఎప్పుడో ఆ శాఖ పేరు మార్చి మానవ వనరుల శాఖ అన్నారు. పిల్లలు కూడా బొగ్గు, ఇనుము లాంటి సరుకన్నట్టు! నాకు ఆ పేరు అస్సలు నచ్చలేదు. ఈమధ్యే మళ్ళీ విద్యాశాఖ అనే పాత పేరు పెట్టారు. ఎవరికి తట్టిందో గానీ, మంచిపని చేశారు.

అసలు సంగతి ఆ తర్వాత దొరికింది. రాజ్యాంగం రాసినప్పుడు చదువు రాష్ట్రాల చేతిలో ఉండేది. ఎమర్జెన్సీ కాలంలో దాన్ని ఢిల్లీకీ రాష్ట్రాలకూ ఉమ్మడి చేశారు. అంటే దేశానికి విద్యామంత్రి దారి చూపిస్తాడు, చట్టం తెస్తాడు, నిధులిస్తాడు. మా వీధిలో మేడ మీది గదికి తాళం వేయడం ఆయన పని కాదు. ఇక ఆ కొత్త విధానం తీసి చదివితే ఏముందీ? వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా, కుదిరితే ఎనిమిదో తరగతి దాకా, ఆపైన కూడా పిల్లలకు ఇంటిభాషలోనే చెప్పమని ఉంది.

నా ఒళ్ళు మండిపోయింది. మా సేఠ్ మా అందరి చెవుల్లో పువ్వులు పెట్టాడు!

మర్నాడే బడికి వెళ్ళి పెద్దసారుని నిలదీశాను. ఆయన తల దించుకున్నాడు. "మేడ మీది గది గోదాం కావాల్నట తల్లీ, బట్టల తాన్లు పెట్టుకోనీకి. నేను జీతగాణ్ణి, నేనేం మాట్లాడుత? పిల్ల భాషణ్ల ఆ పాలసీ ముక్క జర తీసెయ్యి."

"తీసేస్త సార్," అన్నాను. నిజంగానే తీసేశాను. ఆ మాట అనడానికి నేనుండగా పసిపిల్ల ఎందుకు?

నా భర్తకు నా వాలకం చూసి భయం పట్టుకుంది. "సేఠ్‌తోని పెట్టుకుంటే నా పని ఊడుతదే," అన్నాడు.

"ఊడనియ్యి. పని ఇంకోటి దొరుకుతది. ఎనిమిదో తరగతి ఎక్కడ దొరుకుతది?" అన్నాను. ఆయన వద్దని మాత్రం అనలేదు.

సభ రోజున నా కూతురు గడగడా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత సేఠ్‌కు సన్మానం. మా నేతవాళ్ళలో పెద్దమనిషికి వేసేది పూలదండ కాదు, నూలు దండ. దారప్పోగులు ఆడవాళ్ళమే పేని కడతాం. ఆ రోజు వేసే వంతు నాకొచ్చింది. సేఠ్ లేచి, చేతులు జోడించి, నా ముందు తల వంచాడు. నేను దండ పట్టుకుని నిలబడ్డాను, వేయలేదు.

"ఏందమ్మా, ఎయ్యి," అన్నాడు వంగినట్టే ఉండి.

"ఏస్త సేఠ్. ఎనిమిదో తరగతి బంద్ జేయుమని మంత్రి ఎక్కడన్నడో జర చెప్పుండ్రి. ఆయన రాయించిన కాగితమైతే నా ఫోన్ల ఉంది. అండ్ల నడుపుమనే ఉంది. సదవాల్నా?"

"గియ్యన్ని ఆఫీసుల మాట్లాడుదాం."

"అబద్ధం మైకుల చెప్పిండ్రు గదా, నిజం ఆఫీసుల ఎందుకు? మీకు గోదాం గావాలె. గది అడుగుండ్రి, ఇస్తమో ఇయ్యమో మేం చెప్తం. మంత్రి పేరెందుకు అడ్డం పెట్టుకుంటరు?"

వెనక ఆడవాళ్ళెవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో "గట్ల అడుగు!" అని అరిచారు. సేఠ్ మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. నాకు ఎంత హాయిగా ఉందో! బల్ల మీద మొదటి విద్యామంత్రి ఫోటో ఉంటే, ఆ నూలు దండ దానికి వేసి వేదిక దిగాను.

వారం తిరక్కుండానే నా భర్త పని పోయింది. ఆయన కిమ్ అనే ఊరి దగ్గర ఇంకో కార్ఖానాలో చేరి, రోజూ రైల్లో వెళ్ళి రావడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు నాతో ముక్తసరిగా ఉన్నాడు. ఒకరోజు అన్నం తింటూ, "కిమ్ల గాలి మంచిగుంటదే," అన్నాడు. అంతటితో మా మధ్య ఆ గొడవ తీరింది.

సేఠ్ మాత్రం పట్టు విడవలేదు. జూన్‌లో బడి తెరిచేసరికి మేడగదికి పెద్ద తాళం వేలాడుతోంది. తల్లులం ముందురోజే మాట్లాడుకున్నాం. గది లేకపోతే మెట్లున్నాయి కదా! ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్ళి మేడమెట్ల మీద వరసగా కూర్చోబెట్టాం. కింద మేం నిలబడ్డాం. కాసేపటికి పెద్దసారు తన గదిలోంచి వచ్చాడు. మమ్మల్ని చూశాడు, పిల్లల్ని చూశాడు. చేతిలో సుద్దముక్క ఉంది. పక్కగోడ మీద మొదటి పాఠం పేరు రాసి, చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంతలో తాన్ల బండి వచ్చింది, దాని వెనకే సేఠ్ కారు. హమాలీ మూట భుజానికెత్తుకుని మెట్ల దగ్గరికొచ్చి ఆగిపోయాడు. పిల్లల్ని తొక్కకుండా కాలు పెట్టే సందు లేదు.

"ఏయ్, జరుగుండ్రి! గిదేం తమాషా?" అని సేఠ్ కింది నుంచి కేకేశాడు.

పెద్దసారు పాఠం ఆపాడు. నేను నోరు తెరవబోయాను. అంతలో అందరికంటే పై మెట్టు మీది నుంచి నా కూతురు వేలు పెదవుల మీద పెట్టుకుని అంది.

"సేఠ్, జర మెల్లగ మాట్లాడుండ్రి. క్లాస్ నడుస్తుంది."

హమాలీ నవ్వాపుకోలేక మూట తిరిగి బండిలో పడేశాడు. మా నవ్వుల మధ్య సేఠ్ బండిని వెనక్కి తిప్పించాడు. ఆ మధ్యాహ్నమే గది తాళం తీయించాడు.