ఇఫ్రీమ్ పేరున ఒక గిన్నె

మే నెల వచ్చేసరికి డాన్యూబ్ రేవులో చేపల పులుసు హోటల్ తలుపులు తెరవాలి. పట్నం జనం వచ్చే ఆ నాలుగు నెలల అమ్మకమే ఏడాది పొడుగునా తిండి పెడుతుంది. అది తెలిసే సఫ్తా మంచు కరగగానే నడుం బిగించింది. బల్లలకు రంగు వేసింది. బయటి పొయ్యికి బంకమట్టి మెత్తింది. రాగి డేగిసాకు కళాయి పూయించింది. ఏటా మొగుడూ పెళ్ళాలు వాదులాడుకుంటూ చేసే పనులే అవన్నీ. ఈసారి వాదులాడటానికి మొగుడు లేడు.

కిందటి ఆకు రాలే కాలంలో వలలు తీసుకొస్తానని మొగుడు ఇఫ్రీమ్ పడవ మీద వెళ్ళాడు. పడవ రెల్లు దుబ్బుల్లో బోర్లా పడి దొరికింది. మనిషి దొరకలేదు.

అన్నీ సిద్ధమయ్యాయి గానీ పులుపు కుదరలేదు. అక్కడ చేపల పులుసులోకి తవుడు నీళ్ళు పులియబెట్టి పోస్తారు. పాత తోడు వేసి పొయ్యి పక్కన పెడితే చాలు, రెండు మూడు రోజుల్లో కమ్మగా పులుస్తుంది. సఫ్తా పెట్టిన కుండ మాత్రం ఏటి బురద వాసన కొట్టింది. పారబోసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే వాసన. ఆ వాసన పీలిస్తే ఆమెకు రెల్లులో బోర్లా పడిన పడవే గుర్తొచ్చేది.

పక్కింటి గ్లాఫిరా వచ్చింది. ఊళ్ళో ఏ కుండ మీద మూతైనా తీసే హక్కు తనకుందనుకునే మనిషి. వాసన చూసి మొహం చిట్లించింది.

"మీ ఇంట్లో ఎవరో ఆకలి మీదున్నారే సఫ్తా. ఎవరో నేను చెప్పాలా? పెద్దల సోమవారం వస్తోంది, గిన్నె ఇచ్చెయ్."

ఆ రేవులో కొత్త ఏడు కాచిన మొదటి డేగిసా పులుసు అమ్మరు. ఈస్టర్ వెళ్ళిన మరుసటి వారం, పెద్దల సోమవారం నాడు, ఇంట్లో పోయిన ఒక్కొక్కరి పేరూ చెప్పి గిన్నెడు పులుసు, చెంచా, వెలిగించిన కొవ్వొత్తి బతికున్నవాళ్ళ చేతిలో పెడతారు. అందుకున్నవాళ్ళు "దేవుడు మన్నించుగాక" అనాలి. ఆ మాట అంటేనే పోయినవాళ్ళకు చేరుతుంది. ఎవరినైనా మరిచిపోతే వాళ్ళు అక్కడ పస్తుంటారు.

సఫ్తా ఆ సాయంత్రమే అత్త పరస్కివా దగ్గర మాట కదిపింది.

"అత్తా, సోమవారం ఆయన పేరున కూడా ఒక గిన్నె ఇద్దాం."

"వాడి శవం చూశావా నువ్వు?"

"చూళ్ళేదు."

"మరి నోర్ముయ్. నీ హోటల్ తెరుచుకోడానికి నా కొడుకు చావాలా?"

"హోటల్ తగలబడిపోనీ. ఆయన ఆకలితో తిరుగుతున్నాడత్తా. పొద్దుగూకితే చాలు, రేవులో తెడ్డు చప్పుడు. నేను పరిగెత్తుకెళ్తే ఎవరూ ఉండరు."

"నాకు మాత్రం వినపడట్లేదా? వస్తున్నాడు గనకే వినపడుతోంది."

చప్పుడు ఒకటే. ఒకరికి చచ్చినవాడి ఆకలిలా, ఒకరికి బతికున్నవాడి రాకలా వినిపించింది. ఇద్దరిలో ఎవరిది తప్పనగలం?

సోమవారం వచ్చింది. పులుపు గ్లాఫిరా కుండలోంచి తెచ్చి పులుసు కాచారు. మామగారి పేరున ఒక గిన్నె, సఫ్తా తల్లి పేరున ఒక గిన్నె ఇరుగుపొరుగు అందుకుని వెళ్ళారు. ఇంకొక గిన్నె బల్ల మీద ఖాళీగా ఉంది. సఫ్తా దాన్ని తెచ్చి పెట్టిందే గానీ, అత్త కళ్ళ ముందు ఆ పేరు ఎత్తలేకపోయింది. లోపల పెట్టేద్దామని చెయ్యి చాపింది.

"ఉండు," అంది పరస్కివా. "నిన్న తెడ్డు చప్పుడు వినపడిందా నీకు?"

"లేదత్తా."

"మొన్న?"

"మొన్నా లేదు."

"అలిసిపోయుంటాడు," అంది ముసలావిడ.

డేగిసాలో వెతికి వెతికి తలకాయ ముక్క గిన్నెలో వేసింది. వాడికి అదే ఇష్టం. కొవ్వొత్తి వెలిగించింది. రెండు చేతులా గిన్నె పట్టుకుని కోడలి ఎదుట నిలబడింది.

"నా కొడుకు ఇఫ్రీమ్ పేరున. తీసుకో."

ఈ గిన్నె కోసమే కదా సఫ్తా పోట్లాడింది. తీరా ఎదురుగా వచ్చాక ఒక అడుగు వెనక్కి వేసింది. అత్త కాదంటున్నంత కాలం ఆ కాదనడం చాటున తను కూడా దాక్కుని ఎదురు చూస్తూనే ఉందని అప్పుడు తెలిసింది. ఇక చాటు లేదు. ఆ ఒక్క మాట అంటే ఆయన పోయినట్టే. అనకపోతే ఆయనకు మెతుకు దక్కదు.

"అనవే తల్లీ. పులుసు చల్లారిపోతోంది."

"దేవుడు ఆయన్ని మన్నించుగాక," అంది సఫ్తా.

గిన్నె అందుకుని మెట్టు మీద కూర్చుంది. ఏడుస్తూనే తిన్నది. ఒక్క చుక్క మిగిలినా అక్కడ ఆయనకు తగ్గిపోతుందని గిన్నె ఎత్తి అడుగు దాకా తాగింది.