మెత్తచెయ్యి

మా బావను పేరు పెట్టి పిలిచినవాళ్లను సైట్‌లో నేను చూడలేదు. అందరికీ ఆయన మెత్తచెయ్యి. ఇనుప పట్టాల మీద పాకే పెద్ద క్రేను ఆయనది. ముప్ఫై టన్నుల కాంక్రీటు దిమ్మెను పసిపిల్లను పడుకోబెట్టినట్టు కింద ఆనించేవాడు. ఇంట్లో మాత్రం గ్లాసు పెడితే బల్ల అదిరేది. "ఆ మెత్తదనమేదో ఇక్కడ కూడా కాస్త చూపించొచ్చుగా" అని మా అక్క దెప్పేది.

నేను ఆయనకు సిగ్నల్‌మ్యాన్‌ని, పదహారేళ్లుగా. క్యాబిన్‌లో కూర్చున్నవాడికి బరువు ఆనే చోటు సరిగ్గా కనిపించదు. కింద నిలబడి నేను చేతులతో చెప్పాలి: ఎత్తు, దించు, నెమ్మది, ఆపు. ఇంటి దగ్గర నా మాటంటే ఆయనకు పూచికపుల్లతో సమానం. సైట్‌లో మాత్రం నా చెయ్యి ఎటు తిరిగితే క్రేను అటు తిరిగేది. అది తలుచుకుని లోలోపల మురిసిపోయేవాణ్ణి, దాచడమెందుకు.

నాలుగేళ్ల కిందట ఆయన ఎడమ కన్ను దెబ్బతింది. షుగరు. ఒంటికన్నుతో మనిషి కనిపిస్తాడు, గోడ కనిపిస్తుంది, కానీ రెంటికీ మధ్య ఎంత ఎడముందో తెలియడం కష్టమని డాక్టరు చెప్పాడట. ఆ సంగతి మా ముగ్గురి మధ్యే ఉండిపోయింది. ఏటా జరిగే కంటి పరీక్ష కోసం బావ అక్షరాల పలక మొత్తం బట్టీ పట్టాడు. ఎక్కాలు రాక బడి ఎగ్గొట్టిన మనిషి! పరీక్ష గట్టెక్కి వచ్చి, "ఒక్క కన్ను చాల్రా నాకు. పని చేసేది చెయ్యి" అన్నాడు. నేను నవ్వాను. అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది.

ఆ వారంలోనే ఒక దిమ్మె దబ్బున పడి కింద పరిచిన చెక్కలు నుజ్జయ్యాయి. నా కాలు అంగుళంలో తప్పింది. మునుపైతే నా సైగ పూర్తయ్యేలోపే ఆయన వేగం తగ్గించేవాడు. ఆ రోజు సైగ చూసి కూడా నేల ఇంకా దూరంలోనే ఉందనుకున్నాడు.

మర్నాటి నుంచి నేను చేతులతో అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టాను. దిమ్మె నిలువెత్తున ఉండగానే 'నెమ్మది', మూరెడు ఎత్తున ఉండగానే 'ఆపు'. ఆ తర్వాత కొంచెం కొంచెంగా దింపించేవాణ్ణి. దిమ్మెలు మళ్లీ మెత్తగా ఆనాయి. "చూశావా, చెయ్యి ఏం మరిచిపోలేదు" అన్నాడు బావ. ఆ సంబరం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఈ వేళ కాకపోతే రేపు చెప్దామనుకుంటూ నాలుగేళ్లు లాగించేశాను.

ఈ మధ్య మా సైట్‌లో వంతెన పని అయిపోయి కంపెనీ క్రేనును అమ్మేసింది. కొన్నవాళ్లకు వాళ్ల ఆపరేటర్లే ఉన్నారు. నన్ను వేరే ముఠాలో వేశారు. బావకు కంపెనీ గోడౌన్‌లో సరుకు ఎత్తి అరల్లో పెట్టే ఫోర్క్‌లిఫ్ట్ బండి ఇస్తామన్నారు, ట్రయల్లో నెగ్గితే. నెగ్గకపోతే ఇంటికే. యాభై మూడేళ్ల ఒంటికన్ను మనిషికి ఇంకెవరూ సీటివ్వరు.

"అంత క్రేను తిప్పినవాణ్ణి, ఈ బుల్లి బండి నాకో లెక్కా?" అన్నాడు బావ. అక్క నన్ను వంటింట్లోకి లాగి, "నిజం చెప్పరా, నడపగలడా?" అని అడిగింది. "నేను కూడా వెళ్తాలే" అన్నాను. ఆవిడకు అర్థమైంది.

గోడౌన్‌లో ట్రైనర్ ముందే చెప్పేశాడు: "సైగలు గీగలు కుదరవు. ఇక్కడ డ్రైవరుకు తన కళ్లే దిక్కు." నేను ర్యాకు చివర నిలబడ్డాను. అటు సందూ ఇటు సందూ రెండూ కనిపించే చోటు అది. సరుకు పేర్చిన మొదటి చెక్క ప్యాలెట్‌కు బెల్టు మీద బొటనవేలు కదిపాను, ట్రైనర్ కాగితం చూసుకుంటున్నప్పుడు. బావ దొంగచూపు చూసి సరిగ్గా పెట్టాడు. ఈ సీటు దొరికితే రేపటి నుంచి ఆ వేలు ఉండదని తెలిసే చేశాను. నామీద నాకే అసహ్యమేసింది.

రెండో ప్యాలెట్ రంగు డబ్బాలది, మూడో అరలో పెట్టాలి. ట్రైనర్ ఈసారి నన్నే చూస్తున్నాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. బావ ప్యాలెట్‌ను లోపలికి తోశాడు, ఇంకా తోశాడు. అది వెనకున్న అట్టపెట్టెలకు తగిలి, అవి అవతలి సందు మీదకు ఒరిగాయి. సరిగ్గా వాటి కింద స్టూలు మీద కూర్చుని ఒకావిడ లేబుళ్లు అంటించుకుంటోంది.

చెయ్యెత్తి అడ్డంగా ఊపాను. "ఆపు!" అని గావుకేక పెట్టాను. బావ టక్కున ఆపేశాడు. ఆపు అన్నాక ఎందుకని ఆయన ఏనాడూ అడిగి ఎరగడు. ఆవిడ లేచి పక్కకు పరుగెత్తింది. ట్రైనర్ వెళ్లి రెండు సందులూ చూసి వచ్చి, తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

గేటు బయటికొచ్చాక బావ అడిగాడు. "ఎంత ఎక్కువ పోయింది?"

"జానెడు."

"ఇంకా జానెడు పోవాలనుకున్నాన్రా." నాలుగడుగులు వేసి ఆగాడు. "మరి సైట్‌లో?"

అబద్ధమాడే ఓపిక లేకపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెక్కలు నుజ్జయిన రోజు నుంచి మొత్తం. తిడతాడనుకున్నాను. చెంప పగలగొట్టినా బాగుండేది.

"ఆ రోజే చెప్పుంటే నాకు నేనే దిగిపోయేవాణ్ణి కదరా" అన్నాడు. "అంతా ఉండమని బతిమాలుతుంటే, కాదని దిగిపోయేవాణ్ణి."

రోడ్డు దాటాలి. దూరంగా లారీ ఒకటి వస్తోంది. అది ఎంత దూరంలో ఉందో ఆయనకు అంతు చిక్కలేదు. చాలా దూరంలోనే ఉంది, తాపీగా దాటొచ్చు.

"రా బావా, వెళ్దాం" అని చెయ్యి ఊపాను.

ఆయన నా చేతి వంక చూసి, ముఖం తిప్పుకుని అక్కడే నిలబడ్డాడు.