నేను కొట్టేసిన వాక్యం

ఆళ్లగడ్డలో బస్సు ఆగగానే కిటికీలోంచి రాతిపొడి వాసన వస్తుంది. ఎండలో ఆ పొడి పొగమంచులా తేలుతుంటే, రోడ్డు పక్క షెడ్లలో సగం చెక్కిన దేవతలు నిద్రలో నిలబడినట్టుంటారు. ముఖాలుంటాయి, కళ్లుండవు. ఇక్కడ కళ్లు చివర్న చెక్కుతారు. నేను దేవుణ్ని నమ్మను. అయినా ఆ ముఖాలను చూస్తే నాకు ఓబులమ్మ మేడం గొంతు వినిపిస్తుంది.

నంద్యాల డిగ్రీ కాలేజీలో ఆమె మాకు తెలుగు చెప్పేవారు. పద్యంలో వాన కురిస్తే అలంకారం పేరు అడిగేవారు కాదు. "తడిసిందెవరప్పా?" అనేవారు. వెనక బెంచీ నుంచి ఎవడో "గొడుగు లేనోళ్లు మేడం" అన్నాడు ఒకసారి. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. "సరిగ్గా చెప్పినావ్. ఇంగ ఆ గొడుగు లేనోళ్లెవరో పద్యంలో ఎతుకు" అన్నారు.

ఆ ఏడు కాలేజీ పత్రికకు నేను విద్యార్థి సంపాదకుణ్ని. వక్తృత్వ పోటీల్లో మూఢనమ్మకాలను చీల్చి చెండాడి, లోకంలో మిగిలింది నా తర్కమే అనుకునే వయసు. ఆళ్లగడ్డ శిల్పి కూతురు వెంకటలక్ష్మి మా క్లాసే. తన మొదటి కథ తెచ్చి ఇచ్చింది. జబ్బుపడిన భార్యను ఆసుపత్రికి తీసుకుపోకుండా పోగొట్టుకున్న శిల్పి ఒకడు, ఆమె పోలికతో అమ్మవారిని చెక్కుతాడు. అంతా అయిపోతుంది, కళ్లు మాత్రం చెక్కడు. "కళ్లు పెడితే ఈమె నన్ను చూస్తుంది" అన్నది చివరి వాక్యం. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన "రాయి చూడదు" అని రాసి తిరిగిచ్చాను. ఆమె కాగితాలు మడిచి తీసుకుపోయింది.

సంగతి మేడందాకా పోయింది. స్టాఫ్ రూముకు పిలిపించారు.

"రాయి చూస్తాదని యాడ రాసిందిరా ఆ పిల్ల?"

"చివర్లో ఉంది మేడం."

"ఆ మాట అనుకున్నదెవరు? రాయా, ఆయప్పనా?"

"శిల్పి."

"మరి రాయితో కొట్లాట ఏందిరా నీకు? ఆయప్ప దేనికి భయపడతాండాడో సూడకపోతివి."

వాదనలో నేను ఓడిపోవడం అదే మొదటిసారి.

ఆదివారం బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను. వెంకటలక్ష్మి షెడ్డులో వాళ్ల నాయనకు ఉలులు అందిస్తోంది. నన్ను చూసి ఇంట్లోకి పోయి కాగితాలు తెచ్చింది. "మళ్ల రాసినాలే, తీస్కపో" అంది. చివరి వాక్యం లేదు.

"తప్పు నాది. పాత కాగితం ఇయ్యి, అదే వేస్తాం."

"పొయ్యిలో ఏసినా."

"ఆ వాక్యం నాకు గుర్తుంది. నేను రాస్తాలే."

"వద్దులేప్పా. నువ్వు రాస్తే అది నీదైతాది. నాది నువ్వు కొట్టేసినావ్ గదా."

కథ అట్లాగే అచ్చయింది. ఆమె మరో కథ ఇవ్వలేదు. మేడం నన్ను తిట్టలేదు. పత్రికలో ఆ కథ చివరి పుట తెరిచి, ఆ వాక్యం ఉండాల్సిన ఖాళీ మీద వేలు పెట్టారు.

మేడం ఇప్పుడు లేరు. మూఢనమ్మకాల మీద నా కోపం మాత్రం రవ్వంతైనా తగ్గలేదు. కుర్రాళ్లు తమ రాతలు తెచ్చి దిద్దమంటారు. ఎక్కడో ఒకచోట దయ్యం మాట్లాడుతుంది, చెట్టు ఏడుస్తుంది. కొట్టేయడానికి నా చెయ్యి లేస్తుంది. ఈ మాట అంటున్నదెవరు, ఆ మనిషికి ఏం పోయింది అని ఆగి వెతుక్కుంటాను. చాలాసార్లు కొట్టేస్తాను. కొన్నిసార్లు మాత్రం కలం ఆ వాక్యం మీదే నిలిచిపోయి, దాని కింద సిరాచుక్క మెల్లగా పెద్దదవుతూ ఉంటుంది.