జెట్ విమానానికి ఒడిబియ్యం

మా మేనత్త పోయిందని మొన్న బెంగళూరు నుంచి కబురు వచ్చింది. తొంభై దాటిన వయసు, నిద్రలోనే వెళ్ళిపోయిందట. ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాను. అత్తను తలచుకుంటే నవ్వు రాకుండా ఉండదు.

అరవైల్లో కాలేజీ చదువుకని నేను వాళ్ళింట్లో ఉన్నాను. మామ విమానాల ఫ్యాక్టరీలో ఫిట్టరు. నౌకాదళం వారి యుద్ధ జెట్ ఒకటి ఏళ్ళ తరబడి ఆయన చేతుల మీదే బాగుపడుతూ వచ్చింది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ జెట్ ఇంటి మీదుగా పోతే వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. అత్త వేలెత్తి మాట ఆపేది. మోత తగ్గాక, ఆపినచోటే అందుకునేది. కొత్తవాళ్ళెవరైనా ఉంటే, "మా ఇంటాయన కూతురు. గొంతు రోంత జాస్తి" అని చెప్పేది.

ఒకరోజు మామ కంచం ముందు ఊరికే కూర్చున్నాడు. జెట్ పాతబడిందట, పని నుంచి తప్పిస్తున్నారట. కొచ్చికి ఎగరడమే ఆఖరు, అక్కడ కొత్తగా చేరినవాళ్ళకు చూపించి పాఠాలు చెప్పడానికి నిలబెడతారట. ఆ తర్వాత ఆయన సరిగా తినలేదు. అత్త బతిమాలలేదు. బుట్టలో బియ్యం, కొబ్బరిగిన్నె, పసుపుకొమ్ములు, కుంకుమ, రవికగుడ్డ సర్దసాగింది.

అదేమిటని మామ అడిగాడు.

"బిడ్డ అత్తగారింటికి పోతా ఉంటే ఒడిలో బియ్యం పోయకుండా ఒట్టిచేతుల్తో పంపిస్తారా?"

నలుగురిలో పరువు తీయొద్దని ఆయన వేడుకున్నాడు.

"సాగనంపేవాళ్ళు మొగం ముడిస్తే, పోయేవాళ్ళకు కాలు ముందుకు పడదు" అంది అత్త. నా పిల్లలు దూరం వెళ్ళిన ప్రతిసారీ ఆ మాటే నన్ను గుమ్మంలో నవ్వుమొహంతో నిలబెట్టింది.

జెట్ బయల్దేరే రోజు పనివాళ్ళ కుటుంబాలను ఫ్యాక్టరీ లోపలికి రానిచ్చారు. అత్త తిన్నగా జెట్ దగ్గరికి నడిచింది. మామ తల వంచుకున్నాడు. పైలట్ కోలారు వైపు మనిషి, తెలుగు వచ్చినవాడు. బుట్టలోకి చూసి, ఎగిరేటప్పుడు ఏదీ విడిగా ఉండకూడదని మెల్లగా చెప్పాడు. అత్త మొహం చిన్నబోయింది. అతను కాస్త ఆలోచించి, పిడికెడు బియ్యం, ఒక పసుపుకొమ్ము రవికగుడ్డలో మూటకట్టి ఇమ్మన్నాడు. మూటను తొడమీది జేబులో పెట్టుకుని బొత్తాం వేశాడు.

"దానికి ఒడి లేదు గదమ్మా, నాకు జేబు ఉండాది. నేనే అప్పజెప్తా."

మామ తలెత్తాడు. ముందుకొచ్చి, అత్త బుట్టలోని కుంకుమ తీసి జెట్ ముక్కుకు తనే బొట్టు పెట్టాడు. తోటి ఫిట్టర్లు నవ్వుతారనుకున్నాను. ఒక్కొక్కరే వచ్చి దాని రెక్క నిమిరిపోయారు.

జెట్ పరుగెత్తి లేచింది, అరుచుకుంటూ మబ్బుల్లోకి దూరిపోయింది. మామ ఏడ్చాడు, నవ్వాడు, గడ్డిలో చతికిలబడి అత్త తెచ్చిన పులిహోర మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు.

వీధిలో చూస్తారన్న సిగ్గుతో అత్త అంతవరకు మామ సైకిలెక్కి ఎరగదు. ఆ సాయంత్రం గేటు బయట ఆయన రమ్మనగానే ఎక్కేసింది. నేను బస్సు కిటికీలోంచి చూశాను. మామ నిలబడి తొక్కుతున్నాడు. వెనక అత్త, ఒళ్ళో బుట్టతో, ఒక చేత్తో ఆయన చొక్కా పట్టుకుని, ఎదురొచ్చేవాళ్ళందరికీ వినబడేలా నవ్వుతోంది.