అమ్మవారి చీర

పెళ్లయిన కొత్తలో అత్తగారు, మా ఆయన, నేను ఎమ్మిగనూరు నుంచి మంత్రాలయం వెళ్లాం. అవతలి ఒడ్డున ఉన్న అమ్మవారి గుడికి పుట్టిలో, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవలో, తుంగభద్ర దాటుతున్నాం. అమ్మవారి కోసం మా మగ్గం మీద నేసిన కొత్త చీర మా ఆయన ఒళ్లో ఉంది.

నది మధ్యలో పుట్టి ఒక్కసారిగా గిర్రున తిరిగింది. అంచున కూర్చున్న నేను నీళ్లలో పడ్డాను. నాకు ఈత రాదు. మునిగి తేలుతుంటే పుట్టి నడిపే అతని కేక వినిపించింది.

"ఆ చీర ఇసురప్పా, ఆయమ్మ పట్టుకుంటాది!"

"వద్దురా, మైలయితాది! అమ్మోరికి నేసిండేది అది" అంది అత్తగారు.

మా ఆయన చీరను గుండెలకు హత్తుకుని, "వేరే తాడు లేదా అన్నా?" అని అడిగాడు.

చివరికి పుట్టి నడిపే అతనే చీర లాక్కుని విసిరాడు. నన్ను పైకి లాగితే పుట్టి బోల్తా పడుతుందని, చీర కొస పట్టుకున్న నన్ను అలాగే ఒడ్డుదాకా ఈడ్చుకొచ్చాడు. నేను ఇసుకలో పడి నీళ్లు కక్కుతుంటే, అత్తగారు నా పిడికిలి విడదీసి చీర తీసుకుని, ఎక్కడ చిరిగిందో వెతికింది.

అమ్మవారికి ఇంకో చీర నేశారు. దానికి నూలు కండెలన్నీ నా చేతే చుట్టించారు. అది ఇవ్వడానికి మళ్లీ అదే నది దాటాం. ఈసారి ఒక తాడు నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.