టోపీ మామ ఆయుష్షుకు బేరం

కుర్రతనంలో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది: దేవుడు ఎవరినైనా తన పనికి పిలుస్తాడు గానీ, బట్టల దుకాణంలో పెరిగినవాణ్ణి మాత్రం పిలవడు. మంచిర్యాల బజారులో మా బాపు దగ్గర నేను నేర్చిన విద్య ఒక్కటే. ధర చెప్పాక కొనేవాళ్లు నోరు విప్పకపోతే, వాళ్లు లేచిపోకముందే మనమే ఒక మెట్టు దిగడం. (ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని మా బాపే అనేవాడు. తిడుతూ అనేవాడు, అది వేరే సంగతి.) ఆదివారం చర్చిలో చాపలు పరిచేవాణ్ణి, డోలక్ కొట్టేవాణ్ణి. ప్రార్థన చెయ్యమంటే మాత్రం మెల్లగా చెప్పుల దగ్గరికి జారుకునేవాణ్ణి.

అలాంటి నన్ను ఒక పొద్దున మా పాస్టరయ్యగారు జ్వరంతో దుప్పటి కప్పుకుని పిలిపించారు. నస్పూర్ గని క్వార్టర్లలో ఉండే టోపీ మామకు (బొగ్గుబాయి టోపీతోనే ఆరాధనకు వచ్చేవాడు, అందుకే ఆ పేరు) గుండె ఆపరేషన్. ముప్పై ఏళ్లు బాయి దిగిన మనిషి, ఆపరేషన్ బల్ల ఎక్కనని మొండికేశాడు. మధ్యాహ్నం కరీంనగర్ ఆస్పత్రి బండి వస్తుంది. ఎక్కకపోతే మనిషి దక్కడు.

"నువ్వు పోయి ప్రార్థన చెయ్. జర ధైర్యమస్తది" అన్నారు.

బేరం మొదలుపెట్టాను. "డోలక్ కొట్టి ఒక పాట పాడొస్త అయ్యగారూ. ప్రార్థన నాతోని కాదు."

"పాటకు బండెక్కుతడా?"

"పోనీ, మీరు ఫోన్ల ప్రార్థన చెయ్యుండ్రి. ఫోన్ నేను పట్టుకుంట."

"పిలిచింది నేనైతే ఏమన్న తగ్గిస్తుంటి బిడ్డా. పిలిచింది ఆయన. నువ్వెంత చేతగానోనివో ఆయనకు నాకంటె ఎక్కువ ఎరుక. పో."

వెళ్లాను. అత్త మంచం పక్కన కళ్లు తుడుచుకుంటోంది. మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన తలమీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, మా మామకు ఇంకో నలభై ఏండ్ల ఆయుష్షు ఇయ్యి."

ఆపైన ఏమనాలో తోచలేదు. ఆగాను. గదిలో చప్పుడు లేదు. దేవుడూ ఏమీ అనలేదు. నాలోని దుకాణదారుకు కంగారు పుట్టింది. ఎక్కువ చెప్పానేమో, లేచిపోతాడేమో.

"నలభై ఎక్కువైతే, ముప్పై."

మళ్లీ నిశ్శబ్దం.

"పోనీ, ఇరవై. చిన్నబిడ్డ పెండ్లయ్యేదాంక... పదిహేనైనా..."

నా మణికట్టును ఎవరో గట్టిగా పట్టుకున్నారు. కళ్లు తెరిస్తే, మామ.

"అల్లుడా, జర ఆగు. ఆయన ఏమన్న అన్నడా? నువ్వే ఎందుకు తగ్గిస్తున్నవ్? ఇడిసిపెడితే నా ఆయుష్షు గీ మాపటిదాంక దించేటట్టున్నవ్."

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపనుకున్నాను, నవ్వు. మామకూ నవ్వొచ్చింది. రొమ్ము పట్టుకుని నవ్వుతూనే లేచి కూర్చున్నాడు. "అంగి తేయే. ఈడు మళ్ల నోరు తెరవకముందే బండెక్కుత." గడప దగ్గర ఆగి నావైపు చూశాడు. నవ్వు పోయింది, భయం మాత్రం ముఖంలో అట్లాగే ఉంది. "నువ్వూ రా అల్లుడా. పక్కన కూసో. ఏం మాట్లాడకు."

కరీంనగర్ దాకా నోరు మూసుకుని కూర్చున్నాను. ఆపరేషన్ గది తలుపు దగ్గర గానీ ఆయన నా చెయ్యి వదల్లేదు.

మామ బతికాడు, ఇంకా చర్చిలో ముందు వరసలోనే కూర్చుంటున్నాడు. నన్నూ ఇప్పుడు అయ్యగారూ అంటున్నారు. మైకు పట్టుకుంటే అరగంటకు తక్కువ ప్రార్థన చెయ్యను. అయినా, ఒక్క మాట కూడా రాక, భయపడే మనిషి చేతిని పట్టుకుని బండిలో బిగుసుకుపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు కొంచెం అసూయ. దేవుడు తనను అడిగింది అంతేనని వాడికి తెలియదు పాపం. దారి పొడుగునా, ఇంకా ఏదో చెయ్యాలేమోనని బెంగపడుతూనే ఉన్నాడు.