అత్త కట్టిన దారం

మా మేనత్తకు ముక్కు మీద కోపం, వేళ్ళ చివర పనితనం. ఆమె కుట్టిన చొక్కా చిరగాలే తప్ప, కుట్టు ఊడిందని ఎవరూ వెనక్కి తేలేదు. అలాంటి మనిషికి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంకా మిషను తొక్కితే నడక కూడా మిగలదని డాక్టరు తేల్చేశాడు. కుట్టుమిషనుకు మోటారైనా పెట్టుకోవాలి, కొట్టైనా మూసుకోవాలి.

మోటారు బిగించాను. అత్త ససేమిరా అంది. వయసులో ఉన్నప్పుడు ఇస్త్రీపెట్టె షాకు కొట్టి గోడకు గుద్దుకున్న మనిషి. ఇప్పటికీ స్విచ్చి ఇంకొకరు వేయాల్సిందే.

"కంటికి కనపడని దాన్ని ఎట్లా నమ్మమంటావే?" అంది.

సరే, చూపిద్దామనుకున్నాను. వంటింట్లోంచి నిమ్మకాయలు తెచ్చాను. ఒక్కోదానికి ఒక జింకుపూత మేకు, ఒక రాగితీగ గుచ్చి, ఈ కాయ మేకును పక్క కాయ తీగతో వరసగా కలిపాను. చివర పాత బొమ్మలోంచి తీసిన చిన్న ఎర్ర ఎల్ఈడీ బల్బు పెడితే మిణుకుమిణుకుమంటూ వెలిగింది.

"ఇది షాకు కొట్టేంత కాదులే. ముట్టుకో అత్తా."

ముట్టుకుంది. ముట్టుకున్నాక ఊరుకుంటుందా? వేలాడే తీగలు చూస్తే ఆమె ప్రాణం ఒప్పదు. జారకుండా మేకులకు దారం చుట్టి, దాని మీద తీగలు కట్టింది. చూడముచ్చటగా ఉంది. బల్బు మాత్రం ఆరిపోయింది.

"నా చెయ్యి పడితే ఇంతే. ఇక కొట్టు మూసేస్తాను" అని లేవబోయింది.

"నీ చెయ్యి కాదు, నీ దారం. మేకుకీ తీగకీ మధ్య అడ్డం పడింది. దారంలోంచి కరెంటు పోదు."

"ఇంత దారం దాన్ని ఆపేసిందా?"

"పొడిగా ఉంది కాబట్టి. ఇది చిన్న కరెంటు. గోడలోదాని ముందు దారాన్నీ గుడ్డనీ నమ్ముకోకూడదు. తడిస్తే మరీను."



"ఆ ఇస్త్రీపెట్టె వైరు చిరిగి ఉంది. తడిగుడ్డ చుట్టి పట్టుకున్నానే" అంది మెల్లగా.

దారం విప్పి, తీగలు నేరుగా మేకులకు బిగించింది. బల్బు వెలిగింది. ఆమె లేచి చేతులు తుడుచుకుంది, రబ్బరు చెప్పులు వేసుకుంది, మోటారు వైరు చివరిదాకా తడిమి చూసింది. స్విచ్చి ముందు చెయ్యి వణికిపోతుంటే నేను ముందుకు వెళ్ళాను.

"నువ్వు జరుగు" అంది.

మిషను గుర్రుమంది. 

భయం పోయిందని చెప్పను. ఈ పొద్దున కూడా చూశాను, స్విచ్చి ముందు అత్త చెయ్యి వణుకుతూనే ఉంది. అంత ధైర్యం నేనెవరిలోనూ చూడలేదు. ఆ వణికే చేత్తోనే ఆమె రోజూ కొట్టు తెరుస్తోంది.